గుమ్మం దాటని అక్షరాలు

గోగులంకలో కుళాయిలు రోజు విడిచి రోజు వచ్చేవి, కాలువలు ఏ రోజూ విడవకుండా పొంగేవి, వీధిదీపాలు పగటిపూట బ్రహ్మాండంగా వెలిగేవి. ఈ పరిస్థితుల్లో పట్టణానికి అన్నిటికన్నా ముందు కావలసింది ఏమిటా అని మునిసిపల్ కమిషనర్ విరూపాక్ష ప్రసాద్ గారు వారం రోజులు తలుపులు వేసుకుని ఆలోచించి, ఒక ఫాంటు అని తేల్చారు.

ఫాంటంటే అక్షరం కట్టూబొట్టూ. అదే మాటని బొద్దుగా వెయ్యవచ్చు, సన్నంగా వెయ్యవచ్చు, వాలుగా వెయ్యవచ్చు. ఏ వేషంలో ఉంటే ఆ మర్యాద.

"ప్రతి మహానగరమునకూ ఒక అధికారిక లిపిరూపము ఉన్నది," అని సిబ్బంది సమావేశంలో ఆయన ఉద్బోధించారు. "మన పురపాలక సంఘమునకు భవనము ఉన్నది. వాహనము ఉన్నది. ఆ వాహనము కదలకపోయినను దానికి లాగ్ పుస్తకము ఉన్నది. లిపిరూపము మాత్రము లేదు. వారసత్వ స్పృహతో కూడిన లిపిరూపమును సముపార్జించుట తక్షణ కర్తవ్యమై ఉన్నది."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే మళ్లీ మొదటినుంచి చెబుతారని వాళ్లకు అనుభవం.

ఫాంటుని వెతికిపెట్టడానికి హైదరాబాదు నుంచి నిహాల్ అనే కన్సల్టెంటు దిగాడు. చెవికి పోగు, భుజానికి గోనెగుడ్డ సంచి, నోటికి 'వింటేజ్' అనే మాట. వింటేజ్ అంటే పాతదే. కాకపోతే పాతది అంటే పారేస్తారు, వింటేజ్ అంటే ఫైలు కదులుతుంది. అతను ఆఫీసులో పాత బీరువాలు, పాత రిజిస్టర్లు, పాత సూపర్నెంటుని కూడా అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండో రోజు మధ్యాహ్నం రబ్బరు స్టాంపు కోసం ఇన్‌వార్డు గుమాస్తా గుత్తుల సోమలింగం సొరుగు తెరిచి, గావుకేక పెట్టాడు. ఆఫీసంతా తేలనుకుని బల్లలెక్కింది.

తేలు కాదు, తేలిన సంగతి వేరు. సొరుగు అడుగున పరిచిన పాత కాగితం. సోమలింగం తండ్రి వీర్రాజు ఆ ఊరి కనకరాజు ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు ఏరి పేర్చిన కంపోజిటరు. ఒక రకం అక్షరాలన్నిటినీ అ నుంచి బండి ర దాకా వరసగా అచ్చు వేసి నమూనాకి దాచుకున్న కాగితం అది. తండ్రి పోయాక సోమలింగం దాన్ని భక్తిగా తెచ్చుకుని, దాని మీద స్టాంపుప్యాడ్లు పెట్టుకున్నాడు.

"చూడండి సార్, ఎంత కండెన్స్‌డ్‌గా ఉందో!" నిహాల్ ఆ కాగితాన్ని పసిపాపని ఎత్తినట్టు ఎత్తి కమిషనర్ గారికి చూపించాడు. "పొడుగ్గా, సన్నగా, ఊపిరి బిగబట్టి వరసలో నిలబడినట్టు! అడుగున చిన్న చిన్న పాదాలు, వీటిని సెరిఫ్‌లంటాం. నేల మీద నిలబడే ఉంది కానీ నేల మీద లేదు సార్! ఒక గాంభీర్యం. ఒక మౌనం. ఏదో... శాశ్వతత్వం!"

"ఆ శాశ్వతత్వం ఎలా వచ్చిందంటేనండి," సోమలింగం గొంతు సవరించుకున్నాడు, "ఆ అక్షరాలు అసలు దేనికంటేనండి, మా నాన్నగారు..."

"లిపి విభాగమునకు ఈ సోమలింగమును ఇన్‌ఛార్జిగా నియమించడమైనది," అన్నారు కమిషనర్ గారు. "ఇతనికి చక్రాల కుర్చీ ఇవ్వవలెను."

రోగులకిచ్చే చక్రాల కుర్చీ కాదు, అధికారులకిచ్చేది. పద్దెనిమిదేళ్లుగా కర్రబల్ల మీద కూర్చున్న సోమలింగం నోటిలో మాట నోట్లోనే చక్రాలు కట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది.

ఆ మాట ఏమిటంటే, గోగులంక కనకరాజు ప్రెస్సులో మొదటినుంచీ రెండే రకాల అక్షరాలు. బొద్దువి పెళ్లిళ్లకి, ఓణీలకి, కొట్టు ప్రారంభోత్సవాలకి. సన్నవి పెద్దకర్మ కార్డులకి. మనిషి పోయాడన్న కార్డు ఉందే, అది కార్డు ముక్క, అది సాగదు. పోయినవారి పేరు, పోయిన తిథి, కర్మ జరిగే చోటు, ఆ కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు. ఒక్క అల్లుడి పేరు జారిందంటే పదకొండో రోజున రెండో కర్మకి ఏర్పాట్లు చేసుకోవాలి. అందుకని ఇప్పుడు ప్రెస్సు నడిపే కనకరాజుకి తాతగారు మద్రాసు నుంచి సన్నగా నిక్కిన అక్షరాలు తెప్పించారు. పెద్దాయన బతికున్నప్పుడు ఒక్క ఇంట్లో ఇమడని ఇరవై ఇద్దరు వారసులు ఒక్క కార్డులో ఒద్దికగా ఇమిడిపోయేవారు.

అరవై ఏళ్లుగా గోగులంక ఆ అక్షరాల్ని ఇంకో పనిలో చూడలేదు. ఊళ్లో వాటి పేరు కబురక్షరాలు. చదువు రానివాళ్లు కూడా పది గజాల దూరం నుంచి గుర్తుపట్టేవారు. కబురు కార్డు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బయటే నిలబడి చదవాలి, చదివి చింపెయ్యాలి, కట్టుబట్టలతో తలస్నానం చేసి అప్పుడు ఇంట్లో కాలు పెట్టాలి. హైదరాబాదు నుంచి వచ్చిన నిహాల్‌కి ఇది తెలియదు. కాపురం పక్క ఊళ్లో పెట్టి రోజూ కారులో వచ్చిపోయే కమిషనర్ గారికీ తెలియదు. తెలిసిన సోమలింగం చక్రాల కుర్చీలో అర్ధచుట్టు తిరిగి గోడవైపు చూశాడు.

అతను ఊరుకోవడానికి కుర్చీ ఒక్కటే కారణం కాదు. నలభై ఒకటో ఏడు వచ్చినా సోమలింగం పొల్లు హల్లులాగా ఒంటరిగానే ఉన్నాడు. పదకొండేళ్లుగా చూసిన సంబంధాలన్నీ 'ఇన్‌వార్డు' అనగానే అవుట్‌వార్డు అయిపోయాయి. ఇన్‌ఛార్జి అయిన నాలుగో రోజున కదిలింది వాసంశెట్టి రత్నమాణిక్యం సంబంధం. ఆవిడకి ముప్పై ఏడు. బజారువీధిలో ఆరు మిషన్లతో లేడీస్ టైలరింగ్ షాపు. తల్లీ తండ్రీ లేరు, పెదనాన్న సూర్రావు గారు పెద్దదిక్కు. ఆ పెద్దదిక్కుకి మిగతా ఏడు దిక్కుల్లోనూ శకునాలే కనిపిస్తాయి.

"ఇన్‌ఛార్జంటే, మీ కింద ఎంతమంది ఉంటారండి?" అని అడిగారు సూర్రావు గారు పెళ్లిచూపుల్లో.

"యాభై ఆరండి."

"ఆయ్! యాభై ఆరుగురే!"

"అంటే, అక్షరాలండి. యాభై..."

"యాభై ఆరుమందిని ఏలే ఆయన ఒక్క మాట చివరిదాకా చెప్పలేకపోతున్నారేంటి పెదనాన్నా?" అంది మాణిక్యం లోపలి గదిలోంచి. కానీ ఆ గొంతులో నవ్వుంది. ఆ నవ్వు విన్నాక సోమలింగం ఇక దేని గురించీ నిజం చెప్పే స్థితిలో లేడు. వైశాఖంలో ముహూర్తం పెట్టుకున్నారు.

సీసపు అక్షరం కంప్యూటరెక్కింది. 'గోగులంక వారసత్వ సన్నలిపి' అని నామకరణం జరిగింది. తొలి పత్రంగా, పైపుల మరమ్మతు దృష్ట్యా పౌరులు రెండు రోజులపాటు నీటిని పొదుపుగా వాడవలసినదని పదకొండువేల ఇళ్లకు నోటీసు పంపారు.

ఏడింటికి నోటీసులు పంచారు. ఎనిమిదింటికి గోగులంక యావత్తూ గుమ్మాల బయట నిలబడి బావురుమంది. ఎవరు పోయారో తెలియదు, ఎవరో పోయారని మాత్రం అక్షరాలే చెబుతున్నాయి. కళ్లు తుడుచుకుని చదివినవాళ్లకు ఎవరూ పోలేదని తెలిసింది. అయినా చేతికి తగిలింది కదా! చింపారు, బిందెలకు బిందెలు గుమ్మరించుకున్నారు. తొమ్మిదింటికి వాటర్ వర్క్స్ ఇంజనీరు కమిషనర్ గారికి ఫోన్ చేశాడు.

"సార్, ట్యాంకు అడుగంటిందండి."

"పొదుపు నోటీసు ఇవ్వలేదా?"

"ఇచ్చాకే అడుగంటిందండి."

"అయితే రెండోసారి ఇవ్వండి," అన్నారు కమిషనర్ గారు.

తర్వాత బోర్డులు మారాయి. ప్రసూతి ఆస్పత్రికి సన్నలిపిలో బోర్డు కట్టగానే నొప్పులతో వచ్చిన ఆటోలు గేటు దగ్గర యూటర్ను తీసుకుని పక్క ఊరికి పరిగెత్తాయి. మునిసిపల్ కల్యాణ మండపానికి పెళ్లిళ్లు రద్దయ్యాయి, పెద్దకర్మలకి మాత్రం రెండు నెలలు ముందుగానే బుక్కయిపోయింది. కమిషనర్ గారి గది తలుపు మీద ఆయన పేరు నల్లరాతి పలక మీద సన్నగా, నిటారుగా వెలిసింది. మర్నాటికి దానికి బంతిపూల దండ పడింది. ఆ మర్నాటికి కింద అగరొత్తులు. పని మీద వచ్చిన జనం చెప్పులు విప్పి, రెండు నిమిషాలు తలవంచుకుని నిలబడి, పని సంగతి ఎత్తకుండా వెళ్లిపోసాగారు.

"లిపి మహిమ," అన్నారు కమిషనర్ గారు. "పౌరులలో క్రమశిక్షణ పెరిగినది."

నెల తిరిగేసరికి జనం నోటీసులు చదవడం మానేశారు. మునిసిపాలిటీ కాగితం కనిపిస్తే చింపడం, తడవడం, అంతే. వాటర్ వర్క్స్ ఇంజనీరు సెలవు పెడతానని బెదిరిస్తే అత్యవసర సమావేశం పెట్టారు. ఆ సమావేశంలో మొదటిసారి ఎవరో ఇన్‌ఛార్జిని మాట్లాడమన్నారు. సోమలింగం లేచి, మధ్యలో ఎవరైనా ఆపుతారేమోనన్న భయంతో కార్డు ముక్క, కనకరాజు తాత, ఇరవై ఇద్దరు వారసులు, గుమ్మం, తలస్నానం మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. సన్నలిపి విభాగం చరిత్రలో అదే మొదటి సంపూర్ణ వాక్యం.

నిహాల్ కళ్లు చెమర్చాయి.

"బ్యూటిఫుల్! ఒక హెరిటేజ్ ఫాంటుకి ఇంత ఎమోషనల్ కనెక్ట్ ప్రపంచంలో ఎక్కడా లేదు సార్!"

హెరిటేజ్ అంటే ఏమిటో సోమలింగానికి అప్పుడు అర్థమైంది. 'హరీ' అన్నవాళ్ల ఏజ్.

కమిషనర్ గారు కాగితాల మీద బరువుకి పెట్టిన గాజుగుండ్రాయిని పక్కకి జరిపారు. "అక్షరమునందు దోషము లేదు," అన్నారు. "ప్రజలు దానిని చావునకు వినియోగించుటలో దోషము ఉన్నది. కావున మనము మార్చవలసినది అక్షరమును కాదు."

"మరి దేన్నండి?"

"చావుని."

ఉత్తర్వు ఆ సాయంత్రమే వెలువడింది. ఇకపై పట్టణ పరిధిలో మరణవార్తలు బొద్దక్షరాలలో, రంగు అంచులతో మాత్రమే ముద్రించవలెను. ముద్రితమైన ప్రతి శుభాహ్వానమును సన్నలిపిలోనే ముద్రించవలెను. ప్రతి కార్డు పైననూ లిపి విభాగం ఇన్‌ఛార్జి ముద్ర ఉండవలెను. ఆరు నెలలలో ప్రజల మనోభావములు తమంతట తాము స్థానములు మార్చుకొనును.

మనోభావాలకి ఉత్తర్వు అందలేదు. పెంకుల మిల్లు పేర్రాజు గారు తొంభయ్యో ఏట కన్నుమూస్తే, కనకరాజు చట్టానికి లోబడి గులాబీరంగు అంచుతో, బొద్దక్షరాలతో కార్డు వేశాడు. పెద్దకర్మ రోజున పట్టుచీరల్లో ఆడవాళ్లు, స్టీలు డిన్నర్ సెట్లతో మగవాళ్లు బిలబిలా దిగారు. గుమ్మంలో గుండుతో నిలబడ్డ పెద్దకొడుకు చేతిలో ఒకాయన గోడగడియారం పెట్టి, "తిరపతెళ్లొచ్చేరా? మరి పెళ్లికొడుకేడి?" అని అడిగాడు.

"పోయింది మా నాన్నండి."

"అయ్యయ్యో, ముహూర్తం ఎప్పటికి మార్చేరు మరి?"

ఈ వార్త విన్న సూర్రావు గారు ఆ మధ్యాహ్నమే కర్ర పుచ్చుకుని లిపి విభాగానికి వచ్చారు. లోపలికి రాలేదు. తలుపు మీద ఉన్న బోర్డు వల్ల ఆయన ఏ ఆఫీసు గదిలోకీ రారు. వరండాలోంచే కేక వేశారు.

"అల్లుడు గారూ! మన శుభలేఖ కూడా ఆ అక్షరాలతోనేనటగా?"

"అదేనండి మావయ్య గారూ, రూలు..."

"రూలు మీ ఆఫీసుకి. గుమ్మం మాది. కబురక్షరాలతో మా పిల్ల పేరు అచ్చేసిన రోజున ఈ సంబంధానికి కూడా అక్కడే తలస్నానం చేసేస్తాను. ఆయ్!"

ఆయన వెళ్లిన పావుగంటకి కమిషనర్ గారు పిలిచారు. "సోమలింగం, మీ వివాహము మా దృష్టికి వచ్చినది. సన్నలిపిలో వెలువడు ప్రథమ శుభలేఖ మీదే కావలెను. పురపాలక వార్షికోత్సవ వేదికపై మేము దానిని ఆవిష్కరించెదము."

"సార్, బొద్దక్షరాలతో వేసుకుంటానండి, ఒక్కసారికి మినహాయింపు..."

"ముద్ర వేయవలసిన చేయియే ముద్రను ధిక్కరించినచో ఆ చేతికి చక్రాల కుర్చీ ఉండదు. ఉద్యోగము ఉండుట కూడ సందేహాస్పదము."

సోమలింగం పరిస్థితి కార్డు ముక్క మీద ఇరవై మూడో వారసుడిలా తయారైంది. శుభలేఖ వేస్తే పెళ్లి లేదు. వెయ్యకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోయినా పెళ్లి లేదు. కనకరాజు చేత ఒక్క ప్రూఫు తీయించి, చొక్కా జేబులో కాకుండా చేత్తో దూరంగా పట్టుకుని, బజారువీధికి నడిచాడు.

మాణిక్యం షాపులో ఆరు మిషన్లూ గడగడలాడుతున్నాయి. అతని చేతిలో కాగితం చూడగానే ఆరూ ఒక్కసారి ఆగిపోయాయి.

"అక్కడే ఆగండి," అంది మాణిక్యం, మెడలో టేపు సవరించుకుంటూ గుమ్మం దాకా వచ్చి. "చేత్తో పట్టుకునే చూపించండి. ఊఁ. నా పేరేనా అది? నడుం దగ్గర ఎన్ని టక్కులేశారండి బాబూ దీనికి! 'రత్న'కి చంకలు బిగిసిపోయాయి, 'మాణిక్యం'కి ఊపిరాడట్లేదు. ఇది మనిషి తొడుక్కునే అక్షరం కాదు సోమలింగం గారూ."

"మా నాన్నగారు పేర్చిన అక్షరాలేనండి అవి. చెడ్డవి కావు. పాపం, ఒక్క పనికే పుట్టాయి, ఆ పని ఎంతో ఓపిగ్గా..."

అతని మాట ఈసారి ఎవరూ ఆపలేదు, అతనే ఆపి కాగితం మీది ముడత సరిచేశాడు.

"మీ నాన్నగారి అక్షరాల్ని నేనేం అనట్లేదు. మా అమ్మ పోయినప్పుడు మా పేర్లన్నీ వరస తప్పకుండా పేర్చింది ఆయనే. కానీ చీర అంచుని తెచ్చి పరదాకి కుడితే ఎవరిది తప్పు?" అంది. "సరే, మీ ఆర్డరు చదవండి. అక్కడే నిలబడి, నెమ్మదిగా."

"ముద్రితమైన ప్రతి శుభాహ్వానమును..."

"ముద్రితం అంటే?"

"అచ్చేసిందండి."

"అచ్చు వెయ్యకపోతే?"

"అచ్చు వెయ్యకపోతే..." సోమలింగం ఆర్డరుని వెనక్కి తిప్పి చూశాడు. వెనకాల ఏమీ లేదు. "దాని గురించి ఏమీ లేదండి."

"మా మామ్మ పెళ్లికి శుభలేఖలేశారా? గిన్నెలో కుంకుం పట్టుకుని ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచారు. ఊరంతా వచ్చింది," అంది మాణిక్యం. లోపలికి తిరిగి, "ఒసేయ్, మిషన్లు ఆపినవాళ్లు ఆపినట్టే లేవండి. రేపట్నుంచి తలా రెండు వీధులు!" అంది.

నాలుగు రోజుల్లో గోగులంక ఆడవాళ్ల నుదుళ్లన్నీ ఎర్రబడ్డాయి. అయిదో రోజున కమిషనర్ గారి కళ్లు ఎర్రబడ్డాయి. సోమలింగానికి మెమో వచ్చింది: 'పట్టణ పరిధిలో కుంకుమతో అనధికార ఆహ్వానములు జారీ అగుచున్నట్లు తెలియవచ్చినది. సదరు బొట్టు ఏ లిపికి చెందునో ఇరవైనాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను.'

సోమలింగం ఫైలుని నిపుణుడి అభిప్రాయానికి పంపాడు. నిహాల్ మూడు నుదుళ్లని ఫోటో తీసి, పెద్దవి చేసి, స్కేలుతో కొలిచి, నిజాయితీగా రాశాడు: 'పాదాలు లేవు. కండెన్స్ చేస్తే బొట్టు అవదు, నామం అవుతుంది. కాబట్టి ఇది అక్షరం కాదు.' నామం పెట్టించుకునే ఉద్దేశం లేని కమిషనర్ గారు ఫైలు మూసేశారు. వార్షికోత్సవంలో ఆవిష్కరణకు శుభలేఖ దొరక్క కుక్కల లైసెన్సు ఫారాన్ని ఆవిష్కరించారు.

అయినా ఆయన పెద్దమనిషి. పెళ్లి రోజున, బజారువీధి షామియానాలో పీటల మీద సోమలింగం, మాణిక్యం కూర్చుని ఉండగా, మునిసిపాలిటీ తరఫున అభినందన పత్రం పట్టుకుని స్వయంగా పందిరి గుమ్మంలోకి వచ్చారు. రెండడుగుల ఫ్రేము. అద్దం వెనక, సన్నగా, నిటారుగా, పాదాలతో సహా వధూవరుల పేర్లు. వెంట వచ్చిన అటెండరు ఎందుకైనా మంచిదని ఆఫీసు తలుపు మీది బంతిదండ తెచ్చి ఫ్రేముకి వేశాడు.

సన్నాయి ఆగింది. పందిట్లో ఆరువందల మంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. పురోహితుడు మంత్రం మధ్యలో కళ్లు మూసుకున్నాడు. తాళి పట్టుకున్న సోమలింగం మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు. ఇక అయిపోయింది, పదకొండేళ్ల తర్వాత దొరికిన అచ్చు కాస్తా జారి మళ్లీ పొల్లే మిగులుతుంది అనుకున్నాడు.

గుమ్మం దగ్గర, కాళ్లు కడగడానికి పెట్టిన గంగాళం పక్కన సూర్రావు గారున్నారు. ఆయన కోప్పడలేదు. కేకలు వెయ్యలేదు. ఫ్రేముని రెండు వేళ్లతో పుచ్చుకుని గోడకి బోర్లించారు. గంగాళంలో పెద్దచెంబు నిండా ముంచారు.

"బాబుగారూ, ఏమీ అనుకోకండి. ఇది చేత్తో పట్టుకొచ్చినవాళ్లు ఇలాగే లోపలికి రావాలి," అని కమిషనర్ గారి నెత్తిన పోశారు. ఒక చెంబుకి ఆయన జుట్టు తడిసింది. రెండో చెంబుకి సఫారీ సూటు. మూడో చెంబుకి జేబులోని పచ్చసిరా పెన్ను. "ఆఁ, అయిపోయింది. ఇంక రండి, లోపల కూర్చోండి. ఒరేయ్, బాబుగారికి కుర్చీ!"

సన్నాయి మళ్లీ అందుకుంది. జనం కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎవరికీ వింతగా తోచలేదు; వాళ్లందరూ రెండు నెలలుగా చేస్తున్నది అదే.

"అటేం చూస్తారు? కట్టండి ముందు," అంది మాణిక్యం తల వంచుకునే.

సోమలింగం కట్టాడు. మూడు ముళ్లూ పూర్తిగా వేశాడు. పొల్లుకి తలకట్టు దొరికింది.

కమిషనర్ గారు రెండో వరసలో కూర్చుని భోజనాల దాకా కారుతూనే ఉన్నారు. పదవిలో ఉండగా ఆయన మీద నీళ్లు పడడం అదే మొదటిసారి. పూతరేకు విరుస్తూ లెక్కవేశారు. ఒక కాగితానికి మూడు చెంబులు. ఇంటికి నలుగురు. పదకొండువేల ఇళ్లు. వారానికి రెండు నోటీసులు. పూతరేకు చేతిలోనే ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఉత్తర్వు తయారైంది: 'తీవ్రమైన నీటి ఎద్దడి దృష్ట్యా సన్నలిపి వినియోగమును సంపూర్ణముగా ఉపసంహరించడమైనది. దీనివలన సన్నలిపి ఔన్నత్యమునకు గానీ, దానిని ఎంపిక చేసిన అధికారి దూరదృష్టికి గానీ ఎట్టి భంగమూ వాటిల్లలేదని స్పష్టము చేయడమైనది. ఈ ఉత్తర్వు పౌరుల దృష్టికి వచ్చిన క్షణము నుండి అమలులోకి వచ్చును.'

సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒక అనుమానం కూడా లేచొచ్చింది.

"సార్, దీన్ని ఏ అక్షరాల్లో వేయించమంటారండి?"

"ఇది అమలులోకి వచ్చువరకు ఏ ఉత్తర్వు అమలులో ఉండును?"

"పాతదేనండి."

"పాతదాని ప్రకారము?"

"సన్నలిపండి. కానీ సార్, అలా వేస్తే ఎవరూ..."

"ఇన్‌ఛార్జివి. నీకే నియమము తెలియకపోయిన ఎట్లు?"

మంగళవారం ఏడింటికి పదకొండువేల ఉత్తర్వులు పంచారు. ఎనిమిదింటికి పదకొండువేల గుమ్మాల ముందు కాగితం ముక్కలు ఎగురుతున్నాయి. తొమ్మిదింటికి ట్యాంకు అడుగంటింది. ఒక్క పౌరుడి దృష్టికీ రాలేదు కనక ఉత్తర్వు అమలులోకి రాలేదు. అమలులోకి రాలేదు కనక సన్నలిపి పోలేదు.

సోమలింగం దగ్గర ఒక్క కాపీ మిగిలింది. ఒక్క మనిషి చదివినా చాలు, ఒక్క పౌరురాలి దృష్టికి వచ్చినా చాలు. దాన్ని మడిచి పట్టుకుని సాయంత్రం ఇల్లు చేరాడు. గుమ్మంలో మాణిక్యం ఉంది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోనే ఉంది.

"మాణిక్యం, ఆగు, ఇది అలాంటిది కాదు. ఇది పీడ విరగడయ్యే కాగితం. ఒక్కసారి చదివావంటే మొత్తం..."

కరకరా నాలుగు ముక్కలు. కత్తెర పట్టిన చెయ్యి కదా, అంచులు కూడా వంకర పోలేదు.

"ఏంటి మొత్తం?" అంది, ముక్కల్ని కాలితో పక్కకి నెట్టి, గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టిన బిందెలో చెంబు ముంచుతూ. "చెప్పండి, వింటున్నాను. వేణ్ణీళ్లే, మీకోసం కాచాను. పొద్దున్నుంచి దాచిపెట్టిన నీళ్లు, చల్లారిపోతాయి."

ఇప్పుడు అతన్ని ఆపేవాళ్లెవరూ లేరు. వాక్యం మొత్తం నాలుక చివరనే ఉంది. సోమలింగం నోరు తెరిచాడు. వెచ్చని చెంబెడు నీళ్లు నెత్తిమీంచి వీపు దాకా జారాయి.

"ఇంకో చెంబు పొయ్యి," అన్నాడు.